టెలిస్కోపు కొనేముందు, కొన్నాక

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మనవాళ్ల మేడల మీద టెలిస్కోపులు కనిపిస్తున్నాయి. చాలా సంతోషం. కానీ పెట్టె మీది '525 రెట్లు పెద్దగా చూపిస్తుంది' అన్న మాట నమ్మి కొనకండి. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెట్టింపు వరకే పెంపు పనికొస్తుంది. 76 మి.మీ. అద్దంతో 150 రెట్లు దాటితే మిగిలేది మసకే. మొదటిదిగా 6 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ (నేలమీది పీటపై అటూ ఇటూ తిప్పే సాదా టెలిస్కోపు) మేలు. దాని ఫోకల్ దూరం (అద్దం నుంచి కాంతి ఒకచోట చేరే దూరం) 1200 మి.మీ. అయితే, 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో) 1200ను 25తో భాగిస్తే 48 రెట్లు వస్తుంది. శని వలయాలు విడిగా తెలియడానికి అది చాలు.

చూసేముందు అరగంటైనా ఆరుబయట ఉంచండి. అద్దం చల్లారకపోతే గొట్టంలో వేడిగాలి కదిలి గ్రహం వణుకుతుంది. పగలంతా కాగిన మేడ కూడా అంతే, అందుకే రాత్రి పొద్దుపోయాక చూడటం మంచిది. రెండో టెలిస్కోపు, మూడోది చేర్చుకుంటూ పోయేవారు ఉన్నవాటిని మరవకూడదు: మంచు తడి ఆరకుండా మూత బిగిస్తే బూజు అద్దం పూతను పాడుచేస్తుంది. దుమ్మును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఐపీస్‌కు బిగించే సూర్య ఫిల్టరు వస్తే పారేయండి. అది వేడికి పగిలితే కన్ను పోతుంది. ఫిల్టరు ఉండాల్సింది గొట్టం ముందు మూతి దగ్గరే.

— ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు