బజ్జీల అక్క బాకీ

2025, బతుకమ్మ రోజులు

ఒరేయ్ గొడుగూ,

ముందు నాలుగు తిట్లు తిట్టేసుకో, ఆ తర్వాత చదువు. ఉగాదికి రాస్తానన్న ఉత్తరం ఇది. బతుకమ్మ పండుగ కూడా వచ్చేసింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వు స్పీకర్‌లో పెడతావు, పక్కనుంచి చెల్లెమ్మ "అన్నయ్యా, వదిన బాగుందా" అంటుంది, నేను సగం చెప్పేసరికి నీ డ్యూటీ టైం అవుతుంది. ఇది అలా చెప్పే సంగతి కాదు. మా పిన్ని కొడుకు ఈ రాత్రే మస్కట్ బయల్దేరుతున్నాడు. 11 గంటలకు కారు వస్తుంది. సకినాల డబ్బా, మామిడికాయ పచ్చడి, దాంతోపాటు ఈ కాగితాలు. ఇప్పుడు ఎనిమిదిన్నర.

మిగతా కబుర్లు గబగబా. అమ్మకు రెండో కంటి శుక్లం ఆపరేషన్ అయింది, ఇప్పుడు నా షర్టు మీద మరకలన్నీ కనిపిస్తున్నాయట. ఇంటిమీద రేకుల షెడ్డు గాలికి లేచిపోయింది, మళ్లీ వేయించాం. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒకే రోజు నీ మీదా నా మీదా పడింది, చూశావా? సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్, అదే టీచర్ల అర్హత పరీక్ష, పాసవ్వాలని ఒక తీర్పు. నలభై ఎనిమిదేళ్ల వయసులో నేను బబ్లింగ్ చేయాలి! రెండోది నీకు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితేనే మెడికల్ సీటుకి తెలంగాణ లోకల్ అన్న రూల్ సరైనదే అని తేల్చేసింది. మీవాడు ఇప్పుడు ఏడో క్లాసు కదా. డాక్టరు అంటున్నాడంటే ఎనిమిది అవగానే పట్టుకొచ్చెయ్. సాకులు తర్వాత చెబుదువు.

సరే, అసలు సంగతి. బజ్జీల అక్క కనిపించిందిరా!

అవును, ఆవిడే. కరీంనగర్‌లో మన హాస్టల్ గేటు పక్కన, కిరోసిన్ స్టవ్, నీలం గొడుగు. (ఆ గొడుగు సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఒట్టు.) ఎక్కడ కనిపించిందో చెబితే నమ్మవు. ఆగు, వరసగా చెప్పాలి.

మా చిన్నదానికి ఈసారి నీట్‌లో 368. ఫిజిక్స్ పేపర్ అందరినీ ఏడిపించింది, దేశం మొత్తంలో ఫస్టొచ్చినవాడికే 720కి 686. ఇది దానికి రెండోసారి. నిరుడంతా లాంగ్ టర్మ్ కోచింగ్ అని హైదరాబాద్ హాస్టల్లో పెట్టాం, ఆరు కిలోలు తగ్గి వచ్చింది. జిల్లాకో సర్కారు కాలేజీ వచ్చాక ఏడాదికి 10 వేలతో చదువు అయిపోతుందని నేను లోపల లెక్కలు వేసుకున్నాను. ఆ మార్కులకు కన్వీనర్ సీటు రాదని మొదటి లిస్టులోనే తేలిపోయింది. ఇక మిగిలింది మేనేజ్‌మెంటు కోటా.

నీకు ఈ గొడవ తెలియదు కాబట్టి చెబుతున్నా. ప్రైవేట్ కాలేజీలో వంద సీట్లుంటే 50 కన్వీనర్ కోటా, దానికి ఏడాదికి 60 వేలు. 35 బీ కేటగిరీ, మేం వెళ్లిన మేనేజ్‌మెంటు సీటు ఇదే. 15 ఎన్నారై. పక్కపక్కన ఒకే బెంచీ మీద కూర్చుని, అదే ఎముక చేతిలో పట్టుకుని చూసే ముగ్గురు పిల్లలు. ఒకరిది 60 వేలు, ఇంకొకరిది 12 లక్షలు, మూడో వాళ్లది దానికి రెట్టింపు దాకా. 12 లక్షలన్నది మేం వెళ్లిన కాలేజీ లెక్క. ఒక్కో చోట ఇంకా ఎక్కువ. నా నెల జీతం చేతికొచ్చేది 68 వేలు, పన్నెండు నెలలది కలిపినా ఎనిమిది లక్షల పైచిలుకు. అంటే ఇంట్లో ఎవరూ తినకుండా, కరెంటు వాడకుండా బతికినా నాలుగు లక్షలు తక్కువ.

మా బామ్మర్ది తెలుసు కదా, ప్లాట్ల వ్యాపారం, ప్రతిదానికీ ఒక దారి ఉందంటాడు. వాడి మొదటి ప్లాను నువ్వే! "మస్కట్‌లో మీ దోస్తు ఉన్నాడుగా బావా, ఆయన్ని పిల్లకు చిన్నాన్నని చేసి ఎన్నారై కాగితాలు పెట్టేద్దాం" అన్నాడు. రెట్టింపు ఫీజు ఎవడు కడతాడురా అంటే, "సీటు గ్యారంటీ కదా" అంటాడు. పంజాబ్‌లో ఇలాగే దూరపు చుట్టాలందరినీ ఎన్నారై కోటాలో కలుపుతామంటే, ఇది శుద్ధ మోసమని నిరుడు సుప్రీంకోర్టు చీవాట్లు పెట్టిందని చెప్పాను. వాడు ఊరుకున్నాడు. నిన్ను చిన్నాన్నగా ఊహించుకుని చిన్నది మాత్రం రెండు రోజులు నవ్వింది. చాలా రోజులకు నవ్వింది, అందుకు నీకు థాంక్స్.

ఇక కాలేజీ. పేరు రాయను, ఊరు కూడా రాయను. హైవే పక్కన అనుకో. కొత్తది. గేటు చూస్తే ఫంక్షన్ హాలులా ఉంది. నేను, చిన్నది, బామ్మర్ది వెళ్లాం. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, అదే ఏవో గారి గదిలో ఏసీకి మా పిల్ల వణికిపోయింది. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు, అదే నాకు భయమేసింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి 12, హాస్టలు మెస్సు కలిపి లక్షా 75 వేలు, మొదటి ఏడాది డబ్బు డీడీగా, మిగతా నాలుగేళ్లకు 48 లక్షలకు బ్యాంకు గ్యారంటీ. చదువు నాలుగున్నరేళ్లే కదండీ, ఐదో ఏడు ఫీజు ఎందుకు, ఆ ఏడాదిలో సగం కాలం పిల్లలు మీ ఆసుపత్రిలోనే పని చేస్తారుగా అన్నాను. "అందరూ కడుతున్నారు మాస్టారూ" అన్నాడు. నా నోరు ఊరుకోదని నీకు తెలుసు. ఆంధ్రాలో ఫీజును ఏడాదికి 24 లక్షలు చేసిన జీవోను హైకోర్టు కొట్టేయడం సరైనదే అంటూ, చదువు లాభాలు తీసే వ్యాపారం కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఎత్తాను. ఆయన బెల్లు కొట్టి నాకు టీ తెప్పించాడు. అంతే జవాబు.

కొత్త కాలేజీ అంటే ఏమిటో కూడా అక్కడే పూర్తిగా అర్థమైంది. మెడికల్ కమిషన్ ఇచ్చేది ముందు అనుమతి పత్రమే. ఏటా పొడిగిస్తూ పోతారు, మొదటి బ్యాచ్ ఫైనల్ పరీక్షల దాకా వచ్చాకే అసలు గుర్తింపు. మధ్యలో తేడా వస్తే? 2022లో మన రాష్ట్రంలోనే మూడు ప్రైవేట్ కాలేజీలకు అనుమతి పోయి, చేరిన పిల్లలను వేరే కాలేజీల్లో సర్దారు. సర్దారు అని నేను ఒక్క ముక్కలో రాసేశాను గానీ ఆ అమ్మానాన్నలు ఎన్ని నెలలు ధర్నాలు చేశారో. ఇదంతా ఏవో గారిని అడుగుదామనుకుంటే ఫోన్ వచ్చి బయటికి వెళ్లాడు. కంగారుగా వెళ్లాడు. అటెండరు ఎవరితోనో "ఢిల్లీ వాళ్లు" అనడం వినిపించింది.

నేను బాత్రూం వెతుక్కుంటూ వెళ్లి, దారి తప్పి, ఆసుపత్రి బ్లాకులోకి పోయాను. చిన్నది నా వెనకే వచ్చింది. 150 సీట్లకు 605 పడకలుండాలి, వాటిలో నూటికి 80 నిండి ఉండాలని రూలు. నిండే ఉన్నాయిరా! తెల్లటి దుప్పట్లు, మడత కూడా విప్పినట్టు లేదు. జనరల్ మెడిసిన్ వార్డు. ఒక్కరు దగ్గితే ఒట్టు. నలుగురు ఆడవాళ్లు ఒక మంచం మీద కూర్చుని చింతపండు ధర మాట్లాడుకుంటున్నారు. ఒక తాత సెలైన్ స్టాండుకు తువ్వాలు ఆరేశాడు. చివరి మంచం మీది ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు పద్నాలుగు రూపాయల పిలగానివి కాదూ?" అంది.

ఒరేయ్, నా కాళ్ల కింద నేల కదిలింది! ముప్పై ఏళ్లు దాటిందిరా. జుట్టు ముగ్గుబుట్ట, పళ్లు మూడో నాలుగో, గొంతు మాత్రం అదే. "ఆ బక్కోడు ఏడి, రెండు బజ్జీలు తిని ఒకటే లెక్క చెప్పేటోడు?" అని నిన్ను అడిగింది. మస్కట్‌లో ఉన్నాడు అక్కా అంటే, "గంత దూరం పారిపోయిండా నా పైసలు ఎగ్గొట్టి" అంది. వార్డంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏమైందక్కా, జ్వరమా అని అడిగాను.

జ్వరం లేదు, ఏం లేదు. బిడ్డ అత్తగారి ఊరు ఆ పక్కనే అట. మూడు రోజుల నుంచి పొద్దున్నే బస్సు ఊళ్లోకి వస్తుంది, ఎక్కినోళ్లకు రోజుకు మూడు వందలు, ఉప్మా, మధ్యాహ్నం గుడ్డుతో అన్నం. సాయంత్రం దింపేస్తారు. ఎవరైనా సార్లు వచ్చి అడిగితే మాత్రం జ్వరమని చెప్పాలి. "కూలికంటే నయం బిడ్డా, ఫ్యాను కింద పండుకునుడే" అంది. ఎంత మామూలుగా చెప్పిందంటే, మన హాస్టల్లో నూనె మార్చలేదని ఒప్పుకునేది చూడు, అలా.

అప్పుడు దిగబోతూ మంచం పట్టె పట్టుకుని "అబ్బా" అంది. మోకాళ్లు. రెండూ వాచిపోయి ఉన్నాయి. ఏడాదిగా నొప్పట, మెట్లు దిగలేదట. మూడు రోజులుగా ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంది కదా, డాక్టరుకు చూపించావా అక్కా అన్నాను. నా వైపు జాలిగా చూసింది. "గివి వాళ్లు రాసిన రోగం కాదు బిడ్డా" అంది.

ఇక్కడ కాసేపు ఆగాను రా. మా ఆవిడ టీ ఇచ్చి వెళ్లింది. తొమ్మిదిన్నర.

చిన్నది ఏం చేసిందో చెప్పనా. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ ముందు కింద కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి అటూ ఇటూ నొక్కి చూసింది. దానికేం తెలుసు, బైపీసీ చదివిన పిల్ల. కానీ చూసింది. అక్క దాని తల మీద చెయ్యి పెట్టి "నువ్వు గీడ డాక్టరు చదువుతావా బిడ్డా" అంది. నేను తల తిప్పుకున్నాను. జేబులోంచి ఐదు వందలు తీసిస్తే తీసుకోలేదు. "నాకు పద్నాలుగే రావాలె" అంది. చిల్లర లేదురా! ఒకటి పది నోటు, ఒకటి రెండు రూపాయల బిళ్ల. పన్నెండు ఇచ్చాను. ఇంకా రెండు రూపాయలు నీ తరఫున బాకీ ఉంది, వచ్చినప్పుడు నువ్వే ఇవ్వు.

వచ్చేటప్పుడు కారులో బామ్మర్ది మొదలుపెట్టాడు. అన్ని చోట్లా ఇంతే బావా, పేపర్ చదవడం లేదా అని. చదువుతున్నాం. ఇన్‌స్పెక్షన్ వివరాలు కాలేజీలకు ముందే అమ్మేశారన్న ఆరోపణల మీద ఈ జులైలో సీబీఐ కేసు బయటికొచ్చినప్పుడు స్టాఫ్‌రూంలో గట్టిగా అరిచింది నేనే. ఇప్పుడు అదే కౌంటరు దగ్గరికి డీడీ పట్టుకుని వెళ్లేది కూడా నేనే అయ్యేలా ఉన్నాను.

ఆ రాత్రి లెక్క వేశాను. నవ్వకు, ఆ పచ్చ నోట్‌బుక్ ఇంకా ఉంది. ఫీజు 60 లక్షలు, హాస్టలు ఎనిమిది ముప్పావు, పుస్తకాలు అవీ ఇవీ కలిపితే 70. నాన్న ఇచ్చిన రెండెకరాల్లో ఒకటి అమ్మి, మా ఆవిడ బంగారం పెట్టి, పీఎఫ్ తీసి 40 తెచ్చామనుకో. మిగతా 30 లోను. పదిన్నర వడ్డీ. చదువు, ఇంటర్న్‌షిప్, ఆ పైన ఇంకో ఏడాది వరకు కట్టక్కర్లేదంటారు గానీ వడ్డీ ఆగదు కదా. కట్టడం మొదలయ్యేనాటికి 44 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 60 వేలు. మా టౌన్లో ఎంబీబీఎస్ అయిన కుర్ర డ్యూటీ డాక్టరుకు నెలకు 40 ఇస్తే గొప్ప. పీజీ చేయకపోతే విలువ లేదంటారు, దానికి మళ్లీ ఇంకో నీట్, ఇంకో కోటా, ఇంకో ఎకరం. బ్యాంకు గ్యారంటీకి మేనేజరు ఇల్లు తాకట్టు అడిగాడు. ఇదే ఇల్లు లోనుకూ కావాలి. ఒక్క ఇంటిని రెండు చోట్ల ఎలా పెట్టాలో మన లెక్కల సారు కూడా చెప్పలేడు.

జార్జియా ఏజెంటు ఒకడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. మొత్తం 35లో అయిపోతుందంటాడు. తిరిగొచ్చాక ఇక్కడ మళ్లీ పరీక్ష పాసవ్వాలి, 300కి 150 రావాలి. అది తప్పి కంపౌండర్లలా పనిచేస్తున్న పిల్లలను చూశాను. ఒక్కదాన్నే పంపడానికి మా ఆవిడ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను అనుకో.

మా ఆవిడ నిన్న మెడలోది తీసి బల్ల మీద పెట్టి, "ఎకరం మళ్లీ కొనుక్కోవచ్చు, దాని వయసు కొనలేం" అంది. నేనేమీ అనలేదు. అమ్మ మాత్రం పొలం అనగానే లేచి లోపలికి పోయింది.

ఇంకో మాట, ఇదే నన్ను నిద్ర పోనివ్వడం లేదు. మూడు రోజులు నోరు విప్పని పిల్ల, నిన్న అన్నం తింటూ, "నాన్నా, అక్కడ నాలుగు కేస్ షీట్లు చదివాను. అందరికీ బీపీ 120/80, అందరికీ జ్వరం 101. ఒకే చేతిరాత" అంది. అయితే వద్దా అమ్మా అన్నాను. ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఉంది. "వద్దు అనలేదు" అంది. అంతే, లేచి చెయ్యి కడుక్కుంది. మరి కావాలనా? ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ అంటే దాని కళ్లు చూడలేను. పోనీ బీఎస్సీ నర్సింగో, వెటర్నరీయో అందామంటే

కారు వచ్చేసిందిరా, అరగంట ముందే! వాడు కింద నుంచి హారన్ కొడుతున్నాడు. రేపు సాయంత్రం ఆరింటికి వెబ్ ఆప్షన్లు ఆఖరు. మిగతా కాలేజీలన్నీ పెట్టేశాం, ఇదొక్కటే ఖాళీగా ఉంది. ఈ కాగితం నీకు చేరేసరికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది. పచ్చడి మూత కొంచెం వదులుగా ఉంది, నిలబెట్టి ఉంచు. చెల్లెమ్మకు

నీ
పద్నాలుగు రూపాయలోడు