మేం ఆడలేదనైనా రాసివ్వండి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఇది నా అయిదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ పేషీలో స్వయంగా ఇచ్చాను. రెండింటికి ఇన్‌వార్డ్ నంబర్లు కూడా వేసిచ్చారు. ఆ నంబర్లు చెప్పిన ప్రతిసారీ సెక్షన్‌లోని కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, "ప్రాసెస్‌లో ఉంది మేడం" అంటాడు. పాపం, అతని తప్పేం లేదు. పదకొండు నెలలుగా అది నిజంగానే ప్రాసెస్‌లో ఉంది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

పాతతరం మహిళా క్రికెటర్లకు సాయం చేసే పథకం సంగతి మీకు నేను చెప్పేదేముంది, ప్రకటించిందే మీరు. ఆ సన్మాన సభలో మైకు ముందు "పాతతరం మహిళా క్రికెటర్లను వెతికి పట్టుకుని మరీ గౌరవిస్తాం" అన్నారు. నేను అయిదో వరసలో కూర్చుని చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. వెతికే శ్రమ మీకెందుకని మేమే మీ ఆఫీసుకు వచ్చాం. మొత్తం తొమ్మిది మందిమి. ఒకప్పటి హైదరాబాద్ జట్టులో మిగతా ఇద్దరూ ఇప్పుడు లేరు.

మా సర్టిఫికెట్లు చూడగానే మీవాళ్లు పెదవి విరిచారు. "గుర్తింపు పొందిన సంఘం" ఇచ్చినవి కావట. అయ్యా, మేం ఆడింది 1980ల్లో. అప్పుడు దేశంలో ఆడవాళ్ల క్రికెట్ అంతా 1973లో పుట్టిన భారత మహిళా క్రికెట్ సంఘం కిందే నడిచేది. 2006లో అది బీసీసీఐలో కలిసిపోయింది. ఇది మీ ఆఫీసులో అందరికీ తెలుసు, తెలియదని ఎవరూ అనలేదు. అనలేదు గానీ, ఆ సంఘం కార్యదర్శితో అటెస్టేషన్ చేయించుకు రమ్మన్నారు. లేని సంఘానికి కార్యదర్శి ఎక్కడుంటాడో కాస్త అడ్రస్ చెప్పమంటే, ఇంకో చోటికి పంపారు. ఎక్కడికో పేరు చెప్పను, వాళ్లతో గొడవ నాకొద్దు. అక్కడ మూడు పూటలు కూర్చున్నాక "మా దగ్గర రికార్డులు 2006 నుంచే ఉన్నాయి మేడం" అన్నారు. మళ్లీ మీ దగ్గరికి వచ్చాం. మీవాళ్లు నోటరీ అఫిడవిట్ అడిగారు. తెచ్చాం. అఫిడవిట్ చాలదు, స్కోర్‌కార్డ్ కావాలన్నారు.

స్కోర్‌కార్డ్! మా మ్యాచ్‌లకు స్కోరు రాసింది మా ఓపెనర్ వాళ్ల అన్నయ్య. నోట్‌బుక్కులో గీతలు గీసుకుని, పెన్సిల్‌తో. ఆ పుస్తకాలు చాలా ఏళ్లు వాళ్లింట్లో అటక మీదే ఉన్నాయి. ఇల్లు అమ్మేటప్పుడు చిత్తు కాగితాల వాడికి వేసేశారు. పేపర్ కటింగ్ ఒక్కటి మిగిలింది నా దగ్గర. నాలుగు లైన్లు. "హైదరాబాద్ మహిళల విజయం" అని ఉంది, గెలిపించిన వాళ్ల పేర్లు లేవు. అది కూడా జిరాక్స్ తీసి ఇచ్చాను. మీవాళ్లు దాని మీద ఎర్ర పెన్నుతో "పేరు లేదు" అని రాసి తిప్పి పంపారు. అందులో పేరు లేదనే సంగతి నాకు నలభై ఏళ్లుగా తెలుసు సార్.

2006కి ముందు మనకు రికార్డు లేదనడం చాలా సులువు. 1978లో ఆడవాళ్ల ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. కప్పు తేల్చిన మ్యాచ్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌లది, జనవరి 13న మన లాల్ బహదూర్ స్టేడియంలోనే. ఆస్ట్రేలియా 8 వికెట్లతో గెలిచింది. మా నాన్న నన్ను తీసుకెళ్లారు. ఆడవాళ్లు తెల్ల బట్టలేసుకుని ఆ మైదానంలో ఆడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. నేను బంతి పట్టింది ఆ తర్వాతే. 1995లో దేశానికి కెప్టెన్‌గా ఉన్న పూర్ణిమా రావు మన ఊరి మనిషే. మిథాలీ 1999లో ఐర్లాండ్ మీద తన మొదటి వన్డేలోనే 114 నాటౌట్ కొట్టింది. ఆమెకు ఆట నేర్పిన సంపత్ కుమార్ గారు దాన్ని చూడలేదు, 1997లోనే ప్రమాదంలో పోయారు. 2005లో ఆమె కెప్టెన్సీలో ఇండియా ప్రపంచకప్ ఫైనల్‌కు వెళ్లింది. ఇవన్నీ 2006కి ముందువే కదా. దేశం తరఫున ఆడారు కాబట్టి వాళ్ల పరుగులు పుస్తకాల్లో నిలిచాయి. రాష్ట్రం దాటి పైకి వెళ్లలేని మాలాంటివాళ్లు పిచ్ మీద పరిచే గరుకు మ్యాటింగ్ మీద మోకాళ్లు చెక్కుకుని ఆడినది మాత్రం ఎక్కడా లేదు.

మా కష్టాలు చెప్పి మీ మనసు కరిగించాలని కాదు. జట్టు మొత్తానికి మంచి బ్యాట్లు రెండే. ఒకరు అవుటై వస్తూ దారిలో ఇంకొకరికి ఇచ్చేవాళ్లం. రిజర్వేషన్ లేని బోగీలో కిట్ బ్యాగుల మీదే కూర్చుని వెళ్లేవాళ్లం, ధర్మశాలలో పడుకునేవాళ్లం. అప్పుడు మాకదేం బాధగా అనిపించలేదు, నిజం చెప్పాలంటే సరదాగానే ఉండేది. కౌంటర్ దగ్గర ఓ పాతికేళ్ల అమ్మాయి "మీరు నిజంగా ఆడారా ఆంటీ?" అన్నప్పుడే బాధ అనిపించింది.

మా వికెట్‌కీపర్‌ను కూడా ఓసారి తీసుకొచ్చాను. పల్చటి గ్లౌజులతో తొమ్మిదేళ్లు కీపింగ్ చేసింది. కుడి చేతి వేళ్లు మూడు వంకర తిరిగి అలాగే ఉండిపోయాయి. ఆ చెయ్యి బల్ల మీద పెట్టి, "ఇదిగోనయ్యా నా స్కోర్‌కార్డ్" అంది. మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు.

ఇప్పటి పిల్లల్ని చూసి మాకు అసూయ లేదు. గొంగడి త్రిష అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొడితే మేమంతా ఫోన్లు చేసుకుని ఏడ్చాం. రాష్ట్రానికి ఆడే సీనియర్ అమ్మాయికి రోజుకు 20 వేలున్న ఫీజును బోర్డు 2025 చివర్లో 50 వేలు చేసింది. చాలా సంతోషం. పాతకాలం రంజీ ఆటగాళ్లకు, అంటే రాష్ట్రాలకు ఆడిన మగవాళ్లకు, నెలనెలా పెన్షన్ వస్తోంది, దానికీ సంతోషమే. మరి ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి రాష్ట్రానికి ఆడిన పాతవాళ్లు అసలు పుట్టనే లేదన్నట్టు ఎందుకుంటారు?

మీరు చెప్పిన సాయం ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. మా కీపర్‌కు ఆస్పత్రి కార్డు ఒక్కటి ఇప్పించండి. ముందు ఒక రిజిస్టర్ పెట్టించండి. పాతవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఎవరు ఏ ఏడు ఆడారో, ఎవరు ఏ నంబర్‌లో దిగారో ఒకరికొకరం సాక్ష్యం చెప్పుకుంటాం. మీవాళ్లు రాసుకుంటే చాలు. ఒక క్లర్కు, ఒక పూట. అదీ కుదరకపోతే, "ఈమె హైదరాబాద్ జట్టుకు ఆడలేదు" అని సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇవ్వండి. కనీసం ఏదో ఒక కాగితం మీద హైదరాబాద్ మహిళా జట్టు పక్కన నా పేరు ఉంటుంది.

రిజిస్టర్ మాట మాత్రం మరిచిపోకండి సార్. ఇది మూడో ఉత్తరంలోనూ రాశాను, నాలుగో దాంట్లోనూ రాశాను.

సోమవారం ఉదయం మళ్లీ వస్తున్నాం, తొమ్మిది మందిమీ. మా కీపర్ మెట్లు ఎక్కలేదు. లిఫ్ట్ పనిచేస్తోందో లేదో ముందుగా కబురు చేయించండి.

ఇట్లు,
ఒకప్పటి హైదరాబాద్ మహిళా జట్టు ఆఫ్‌స్పిన్నర్,
సికింద్రాబాద్