2-వైర్‌కు కలుస్తుందని అమ్మారు, కలవడం లేదు: కన్వర్టర్ ఇవ్వండి లేదా డబ్బు వాపసు చేయండి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ వైర్‌లెస్ ఇంటర్‌కామ్ బేస్ స్టేషన్ (సెట్‌లోని మెయిన్ బాక్సు) మా వైర్డ్ టాక్‌బ్యాక్‌తో (డైరెక్టర్, కెమెరామన్‌లు హెడ్‌సెట్లలో మాట్లాడుకునే కేబుల్ సెట్‌తో) పనిచేయకపోవడం గురించి.

నమస్కారం. మాది విజయవాడలో చిన్న లైవ్ మిక్సింగ్ యూనిట్. పెళ్లిళ్లు, సభలు, నాట్య ప్రదర్శనలు నాలుగైదు కెమెరాలతో తీసి అక్కడికక్కడే మిక్స్ చేసి ఎల్‌ఈడీ వాల్‌కీ, యూట్యూబ్‌కీ ఇస్తుంటాం. యూనిట్ నేనే దగ్గరుండి నడుపుతాను, మా ఇల్లు గడిచేది కూడా దీని మీదే.

మా దగ్గర ఏళ్లుగా వాడుతున్న వైర్డ్ టాక్‌బ్యాక్ ఉంది, క్లియర్‌కామ్ అనే కంపెనీ పద్ధతిది, అంటే మాట్లాడేదీ వినేదీ ఒకే తీగ మీద నడిచే 2-వైర్ రకం. ఒక్కొక్కరి నడుముకి బెల్ట్‌ప్యాక్ (హెడ్‌సెట్ తగిలించే చిన్న పెట్టె) ఉంటుంది. ఇంతవరకు ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. జిమ్మీ (కెమెరా క్రేన్) మీద ఉండేవాడికీ, స్టేజీ చుట్టూ తిరుగుతూ తీసేవాడికీ కేబుల్ కాళ్లకి చుట్టుకుంటోందని, ఆ ఇద్దరి కోసమే మీ వైర్‌లెస్ సెట్ తీసుకున్నాను. కొనేముందు మీ సేల్స్ ఆయనకి ఫోన్ చేసి, "పాత వైర్డ్ బెల్ట్‌ప్యాక్‌లు పక్కన పెట్టే ఉద్దేశం లేదండీ, వాటితో కలిస్తేనే కొంటాను" అని స్పష్టంగా చెప్పాను. "2-వైర్, 4-వైర్ రెండు పోర్టులూ ఉన్నాయి సార్, కేబుల్ పెడితే చాలు" అన్నారు. మీ బ్రోషర్‌లోనూ "అన్ని 2-వైర్ సిస్టమ్‌లకూ కలుస్తుంది" అనే ఉంది. ఆ ఒక్క వాక్యం చూసే డబ్బు కట్టాను.

అసలు 2-వైర్ అంటే ఒకటే రకం కాదు కదండీ. క్లియర్‌కామ్ పద్ధతిలో మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో ఒకటో పిన్ను గ్రౌండ్, రెండో దాంట్లో సుమారు 30 వోల్టుల పవర్, మూడో దాంట్లో మాట. ఆర్‌టీఎస్ అనే ఇంకో కంపెనీ పద్ధతిలో రెండో పిన్నులోనే పవరూ మొదటి ఛానెల్ మాటా కలిసి వెళ్తాయి, మూడో పిన్నులో రెండో ఛానెల్. ప్లగ్గు చూడటానికి ఒకటే, లోపల సంగతి వేరు. మీ పోర్టు ఆర్‌టీఎస్ పద్ధతికి చేసినది. మార్చుకోవడానికి స్విచ్ లేదు, మెనూలో ఆప్షన్ లేదు, మాన్యువల్‌లో పిన్నుల బొమ్మ కూడా లేదు. అందుకే కేబుల్ పెట్టగానే మొదటి ఛానెల్‌లో చడీచప్పుడు లేదు. మీ సపోర్ట్ ఇంజనీర్ ముందు "మీ కేబుల్ పాడైంది" అన్నారు. అదే కేబుల్ మీద వైర్డ్ బెల్ట్‌ప్యాక్‌లు శుభ్రంగా మాట్లాడుతున్నాయని ఫోన్‌లోనే వినిపించాక, రెండో ఛానెల్‌కి మార్చి చూడమన్నారు. మార్చితే మాట వచ్చింది. దాంతో కథ అయిపోలేదు, అసలు కష్టం అక్కడే మొదలైంది.

2-వైర్‌లో మాట్లాడేదీ వినేదీ ఒకే తీగ మీద. మీ బేస్ స్టేషన్ లైన్‌లోకి పంపిన గొంతు అదే తీగ మీద తిరిగి దానిలోకే వస్తుంది. దాన్ని తీసేయడానికే నల్ అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది, కేబుల్ పొడవు మారినా, లైన్ మీద బెల్ట్‌ప్యాక్‌ల సంఖ్య మారినా దాన్ని మళ్లీ సరిచేసుకోవాలి. మీ బాక్సులో అది లేదు, ఆటోమేటిక్‌గానూ లేదు, తిప్పుకునే స్క్రూ కూడా లేదు. వైర్డ్ సెట్‌లో మన గొంతు మనకి వినిపించినా ఆలస్యం ఉండదు కాబట్టి ఇబ్బంది అనిపించదు. డిజిటల్ వైర్‌లెస్‌లో కాస్త ఆలస్యమై తిరిగొస్తుంది కాబట్టి బావిలోకి తొంగి మాట్లాడినట్టు ఉంటుంది, ఎదుటివాడి మాట అందులో కొట్టుకుపోతుంది. వాల్యూమ్ పెంచితే కూత.

వాల్యూమ్ పెంచాల్సిన అవసరమూ మీ బాక్సు వల్లే వచ్చింది. లైన్‌కి 200 ఓమ్‌ల టెర్మినేషన్ (లైన్‌కి పెట్టే రెసిస్టర్) ఒక్కచోటే ఉండాలి. మా పవర్ సప్లైలో అది ముందే ఉంది. మీ బాక్సులో ఇంకొకటి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందట, ఈ మాట మీ ఇంజనీర్ చెబితేనే తెలిసింది. 200 కాస్తా 100 అయ్యేసరికి అందరి వాల్యూమూ పడిపోయింది. ఇక కాల్ లైట్ అసలు వెలగదు, ఎందుకంటే క్లియర్‌కామ్ పద్ధతిలో కాల్ సిగ్నల్ డీసీ వోల్టేజి, ఆర్‌టీఎస్ పద్ధతిలో 20 కిలోహెర్ట్జ్ టోన్. హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకున్న కెమెరామన్‌ని పిలవాలంటే ఆ లైటే దిక్కు.

దీనివల్ల ఏం పోయిందో కూడా చెప్పాలి. కూచిపూడి ప్రదర్శన ఒకటి చేస్తున్నాం. తరంగంలో అమ్మాయి తల మీద చెంబుతో ఇత్తడి పళ్లెం అంచుల మీదకి ఎక్కింది. చూసేవాళ్లంతా ఎదురుచూసేది ఆ పాదాల కోసమే. కింద కూర్చున్న వైర్‌లెస్ కెమెరాకి "పాదాలు, టైట్" అని మా డైరెక్టర్ చెప్పేలోపే చెవులు చిల్లులు పడేలా కూత వచ్చింది, ఆ కుర్రాడు హెడ్‌సెట్ లాగి పక్కన పడేశాడు. పళ్లెం కదిలినంతసేపూ వాల్ మీద వైడ్ షాటే నడిచింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు తర్వాత వచ్చి "పాదాలు ఎందుకు చూపించలేదండీ" అని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. వాళ్లకి అది మళ్లీ తీసిచ్చేది కాదు.

ఇప్పుడు మీ వాళ్లు చెప్పే పరిష్కారం, 2-వైర్‌ని 4-వైర్‌గా మార్చే కన్వర్టర్ విడిగా కొనుక్కుని 4-వైర్ పోర్టుకి కలపమని. అలా చేస్తే పనిచేస్తుందని నాకూ తెలుసు, 4-వైర్‌లో పంపేదీ వచ్చేదీ వేరువేరు జతల మీద ఉంటాయి కాబట్టి బేస్ స్టేషన్‌కి ఆ తంటా ఉండదు, నల్ సంగతి కన్వర్టర్ చూసుకుంటుంది. కానీ దాని ధర సెట్ ధరలో మూడో వంతు ఉంది. ఆ ఖర్చు ఉంటుందని ముందే చెప్పి ఉంటే కొనాలో వద్దో నేను తేల్చుకునేవాణ్ణి. కలుస్తుందని అమ్మి, కలవాలంటే ఇంకోటి కొనమనడం న్యాయం కాదు.

కాబట్టి నాకు కావాల్సింది ఇది: నల్ అడ్జస్ట్‌మెంట్ ఉన్న, క్లియర్‌కామ్ పద్ధతి కాల్ సిగ్నల్ దాటించే కన్వర్టర్ మీ ఖర్చుతో పంపండి, లేదంటే సెట్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. బ్రోషర్‌లో ఆ వాక్యం కూడా మార్చండి, ఏ పద్ధతికి కలుస్తుందో, ఏ పిన్నులో ఏముందో రాయండి. మాలాంటి యూనిట్ల వాళ్లు చాలామంది పాత వైర్డ్ సెట్లు పెట్టుకుని ఇలాంటి వాక్యాలు చూసే కొంటున్నారు.

"మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారుల కిందికి రారు" అని మీ వాళ్లొకరు ఫోన్‌లో అన్నారు. స్వయం ఉపాధితో బతకడానికే కొనుక్కున్న వస్తువుని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరం కింద లెక్కవేయదు, దయచేసి ఒకసారి చూసుకోండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, బ్రోషర్ పేజీ ఫోటో, కూత రికార్డైన ఆడియో దీంతో జతచేస్తున్నాను. మీ ఇంజనీర్ వచ్చి చూస్తానంటే వైర్డ్ సెట్ మొత్తం మా ఆఫీసులోనే పరిచి చూపిస్తాను, ముందు రోజు ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
లైవ్ మిక్సింగ్ యూనిట్ యజమాని,
విజయవాడ