శ్రావణం దండలు పంపబోయే వాళ్లకు ముందుగా ఒక మాట

అందరికీ నమస్కారం. ఆషాఢం వెళ్లగానే ముహూర్తాలు మొదలవుతాయి. పెళ్లి దండల పూలను ఎండబెట్టి, ఫ్రేములో భద్రపరిచి ఇవ్వమని ఫోన్లు ఇప్పటికే వస్తున్నాయి. బుకింగులు తీసుకునే ముందు ఈసారి ఏం మార్చామో, ఏ పువ్వు ఎండాక ఎలా అవుతుందో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. డబ్బు కట్టాక తెలిసేకన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

అందరూ మొదట అడిగేది, "మల్లెలు తెల్లగానే ఉంటాయా అండీ?" అని. ఉండవు. మల్లె, సన్నజాజి, విరజాజి, దండల్లో వరసగా గుచ్చే లిల్లీ, వీటిలో ఏదీ ఎండాక తెల్లగా మిగలదు. ఎంత జాగ్రత్తగా చేసినా మీగడ రంగుకో, గోధుమ రంగుకో తిరుగుతుంది. రేకు నలిగిన చోట లోపలి పదార్థాలకు గాలి తగిలి రంగు మారుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేదీ ఇందుకే. మల్లె రేకు పల్చన, నీరు ఎక్కువ. దారం బిగించి కట్టిన చోట మన చేతికి వచ్చేసరికే నలిగి ఉంటుంది. తెల్లగా మెరిసే మల్లెల ఫ్రేముల ఫొటోలు పంపి ఇలాగే కావాలంటున్నారు. మేము పూలకు రంగు వేయం. బజారులో వేరే పూలు కొని మీ దండలో కలపం. మీ మెళ్లో పడిన పూలే ఫ్రేములో ఉండాలి, లేకపోతే ఈ పనికి అర్థం లేదు. అందుకే ఉత్త మల్లెల దండ ఒక్కటే పంపుతామంటే ఇకనుంచి తీసుకోవడం లేదు. కలగలుపు దండలో మల్లెలుంటే తీసుకుంటాం, అవి గోధుమ రంగులో ఉంటాయని ముందే ఒప్పుకుంటేనే.

వాసన కూడా నిలవదు. మల్లె పరిమళం గాలిలో కలిసిపోయే నూనెల వల్ల వచ్చేది, ఎండిన రేకులో అది మిగలదు. పొగడపూలు మాత్రం వేరు, ఎండి ముడుచుకుపోయినా వాసన వదలవు. మరువం, దవనం కూడా కొన్నాళ్లు నిలుపుకుంటాయి, ఎందుకంటే వాటి నూనె ఆకులోనే దాగి ఉంటుంది. దండలో మరువం ఉంటే పీకి పారేయకండి. విడిగా ఆరబెట్టి చిన్న సంచిలో కట్టి ఫ్రేముతో పాటు ఇస్తాం, దానికి వేరే ఖరీదు లేదు.

ఎర్ర గులాబీ నల్లటి మెరూన్‌కు తిరుగుతుంది. నీరు పోయేకొద్దీ రేకులోని రంగు చిక్కబడుతుంది కదా. పింక్ గులాబీలు కాస్త ముదురుతాయి, నాకైతే పచ్చిగా ఉన్నప్పటికన్నా అప్పుడే బాగుంటాయనిపిస్తుంది. పసుపు చేమంతి, బంతి చాలావరకు రంగు నిలుపుకుంటాయి. కనకాంబరం రేకు మరీ సన్నం, గుండ్రంగా నిలవదు. దాన్ని కాగితాల మధ్య అణచి అతికించడమే మేలు.

ఇక బొగడబంతి, కోడిజుట్టు పూలు, బతుకమ్మకు పేర్చే గునుగు. వీటిని ఎండబెట్టడానికి మాకు డబ్బులివ్వకండి. వీటి రేకులు మొక్క మీద ఉన్నప్పుడే పొడిగా ఉంటాయి. ఆకులు దూసేసి, చిన్న చిన్న గుత్తులు కట్టి, చీకటిగా గాలి ఆడే గదిలో తలకిందులుగా వేలాడదీస్తే రెండు మూడు వారాల్లో అవే ఎండుతాయి. డాబా మీద ఎండలో మాత్రం వేయకండి, రంగు వెలిసిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను వేసి ఉంచండి.

చేమంతులు, విడి గులాబీలు కూడా ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. తేమ పీల్చే గింజలు, సిలికా జెల్ అంటారు, సన్నగింజ రకం తెచ్చుకోండి. నీలం రంగుది వద్దు, అందులో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. తెల్లది చాలు. గాలి చొరని డబ్బాలో రెండంగుళాల మందాన జెల్ పోసి, పువ్వును నిటారుగా నిలబెట్టి, చుట్టూ స్పూనుతో కొద్దికొద్దిగా పోస్తూ రేకు రేకుకీ మధ్యలోకి గింజలు దిగేలా చూడాలి. ఒక్కసారి పైనుంచి గుమ్మరిస్తే గులాబీ అణిగిపోతుంది. పూర్తిగా కప్పేశాక మూత బిగించండి. చేమంతికి నాలుగైదు రోజులు, నిండు గులాబీకి వారం పడుతుంది. రేకు తాకితే గలగలమనాలి. కానీ రేకును చూసి మోసపోకండి, తేమ చివరిదాకా ఉండేది తొడిమ దగ్గర. అక్కడ గోటితో నొక్కితే మెత్తగా ఉంటే ఇంకా రెండు రోజులు ఉంచాల్సిందే. తీసేటప్పుడు జెల్‌ను నెమ్మదిగా వంచేయాలి, పువ్వును పట్టి లాగకూడదు. దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. వాడిన జెల్‌ను సుమారు 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది, అయితే వంటకు వాడే ఓవెన్‌లో పెట్టకండి.

అసలు కష్టం శ్రావణం. పెళ్లిళ్లు ఎక్కువయ్యేదీ, గోదావరి పక్కన గాలి నిండా తేమ ఉండేదీ అప్పుడే. వేసవిలో వేగంగా సాగే పని వానల్లో సాగదు. జెల్‌ను మాటిమాటికీ వేడి చేస్తూ ఉండాలి, తేమ లాగే మిషను రాత్రీ పగలూ నడవాలి. కరెంటు బిల్లు దానికి తగ్గట్టే వస్తుంది. అందుకే శ్రావణం నుంచి కార్తీకం దాకా ఫ్రేము ధర కొంచెం పెంచాం, గడువు కూడా నెల కాదు, ఆరు వారాలు. తొందరపడి తేమ ఉన్న పువ్వు మీద రెసిన్, అంటే పోశాక గాజులా గట్టిపడే ద్రవం, పోస్తే పువ్వు లోపలే గోధుమ రంగుకు తిరుగుతుంది, బుడగలు కడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఈ ఆరు వారాల విషయంలో బతిమాలకండి, తగ్గించలేం.

రెసిన్ గురించి ఇంకో మాట. ఎప్పటికీ పచ్చబడదని ఎవరు చెప్పినా నమ్మకండి. ఎండ తగిలితే ఎపాక్సీ రెసిన్ ఏదైనా మెల్లగా పసుపు తిరుగుతుంది. కిటికీకి ఎదురుగా కాకుండా లోపలి గోడకు పెట్టుకుంటే చాలా కాలం బాగుంటుంది. మేము అద్దం ఫ్రేమునే ఎక్కువగా సూచిస్తున్నాం.

దండ మా బల్ల మీదికి వచ్చాక మొదట దారం కోసి, ఒక్కో పువ్వూ విడదీసి చూస్తాం. రేకుల మధ్య తలంబ్రాల బియ్యం, పసుపు, ఒక్కోసారి జీలకర్ర గింజలు దొరుకుతాయి. వాటిని దులపకుండా చిన్న సీసాలో దాచి మీకే ఇస్తాం. ఈ పని తొందరగా అవ్వదు, అవ్వకూడదు కూడా. మాకు చేరేసరికి సగం పూలు కుళ్లి ఉంటే మాత్రం మా చేతుల్లో ఏమీ ఉండదు. కాబట్టి దండ తీయగానే ఇవి గుర్తుంచుకోండి. నీళ్లు చల్లొద్దు. ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, చెమట పట్టి బూజొస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు, గడ్డకట్టిన నీరు రేకును లోపలినుంచి చీలుస్తుంది, బయటికి తీయగానే మెత్తబడి నల్లబడుతుంది. కాగితం పరిచిన అట్టపెట్టెలో ఫ్రిజ్ కింది అరలో ఉంచి, మర్నాడే పంపండి. పెళ్లి హడావుడిలో ఈ పని ఎవరికో ఒకరికి ముందే అప్పజెప్పండి, పెద్దమ్మకో, చెల్లెలికో. పెళ్లికూతురికి గుర్తుండదు.

అమెరికా తీసుకెళ్లేవాళ్లు అక్కడి విమానాశ్రయంలో ఎండిన పూలున్నాయని కస్టమ్స్‌కు తప్పకుండా చెప్పాలి. మొక్కలకు సంబంధించినది ఏదైనా చెప్పి తీరాలన్నది వాళ్ల నిబంధన.

బుకింగులు ఆషాఢ అమావాస్య మర్నాటి నుంచి. పూలకొట్టులో ఏ దండ చెప్పారో ఫొటో, ముహూర్తం తేదీ వాట్సాప్‌లో పెట్టండి. ఇంకా చెప్పకపోతే మరీ మంచిది, చేమంతి, గులాబీ ఎక్కువగా, లిల్లీ తక్కువగా కట్టమని పూలాయనకు చెప్పండి. మా వల్ల కానిదైతే అడ్వాన్సు తీసుకోకుండానే కాదని చెప్పేస్తాం.