కొట్టుకుపోయిన కల్వర్టుని మళ్ళీ అదే కొలతతో కట్టించకండి

ఒడిశా రెవెన్యూ, విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పర్లాకిమిడి వాణ్ణి. గజపతి జిల్లాలో పల్లె రోడ్ల మీద చిన్న కల్వర్టులు (వాగు నీళ్ళు రోడ్డు కింద నుంచి పోయే తూములు), రక్షణ గోడలు కట్టే కాంట్రాక్టరుని. ఈ లేఖ ఒడియా ప్రతి మీ ఆఫీసుకి పోస్టులో పంపాను. తెలుగులో కూడా ఎందుకు రాస్తున్నానంటే, హద్దు అవతల శ్రీకాకుళం జిల్లావాళ్ళూ దీన్ని చదవాలి. మా కొండల మీద కురిసిన వాన చివరికి వాళ్ళ చేలల్లోకే దిగుతుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. లోపలికి వచ్చాక నీరసపడి పోవాల్సింది, దారి మార్చి ఈశాన్యానికి తిరిగి మా కొండల మీద కుండపోతగా కురిసింది. వంశధార పొంగింది, వాగులన్నీ రోడ్లెక్కాయి. బరఘర గ్రామం దగ్గర వానకి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. మా జిల్లాకి సముద్రమే లేదు. తుఫానంటే గోపాలపూర్, బరంపురం వైపు భయమని అనుకుంటూ బతికినవాళ్ళం.

ఆ వానకి కొట్టుకుపోయిన ఒక కల్వర్టు పని తర్వాత నాకు వచ్చింది. ఎస్టిమేటు చూస్తే పాత కొలతే. అవే హ్యూమ్ పైపులు (నీళ్ళు పోయే గుండ్రటి సిమెంటు గొట్టాలు), అవే వరసలు, అదే ఎత్తు. పెద్ద పైపులు వేద్దాం సార్ అంటే, "సాయం నిధి డబ్బుతో ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టాలి, పెంచడానికి వీల్లేదు" అన్నారు. ఏ ఆఫీసో చెప్పను. ఆ ఇంజనీరు గారు రూలు ప్రకారమే మాట్లాడారు. నా గొడవంతా ఆ రూలుతోనే. ఎదిగిన కుర్రాడికి చిన్నప్పటి చొక్కా కొలతే ఇచ్చి కుట్టమన్నట్టుంది.

కొంచెం లెక్క చెప్పనివ్వండి, మా పనికి ఇదే ఆధారం. డిజైన్లలో "50 ఏళ్ళకోసారి వచ్చే వరద" అని రాస్తాం. ఒకసారి వచ్చేసింది కాబట్టి ఇంకో 50 ఏళ్ళు ఢోకా లేదని జనం అనుకుంటారు, కొందరు ఆఫీసర్లు కూడా. దాని అర్థం, ఏ ఏడాదైనా ఆ వరద వచ్చే అవకాశం 2 శాతం అని. పోయినేడాది వచ్చినా ఈ ఏడాది అవకాశం మళ్ళీ 2 శాతమే. ఆ లెక్కన 25 ఏళ్ళలో కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. ఇప్పుడు అదే వరద 25 ఏళ్ళకోసారి వచ్చేదిగా మారిందనుకోండి. అప్పుడు ఆ 25 ఏళ్ళలో అవకాశం 64 శాతానికి ఎక్కుతుంది. సిమెంటులో కల్తీ లేకపోయినా, మేస్త్రీ పని బాగున్నా, కల్వర్టు పోతుంది. డిజైను వేసిన వాన ఒకటి, కురిసే వాన ఇంకొకటి.

వాన నిజంగా మారుతోందా అంటే, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమని పట్టి ఉంచగలదు. ఆ తేమంతా ఒక్కచోట, ఒక్క పూటలో దిగితే ఏమవుతుందో మాకు తెలుసు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల బృందం ఐపీసీసీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పారిశ్రామిక యుగానికి ముందు పదేళ్ళకోసారి పడే భారీ వాన, భూమి ఒక డిగ్రీ వేడెక్కితే 1.3 రెట్లు తరచుగా పడుతుంది. రెండు డిగ్రీలైతే 1.7 రెట్లు. ఎండ సంగతి ఇంకా దారుణం. 50 ఏళ్ళకోసారి కాసే ఎండ ఒక డిగ్రీకే దాదాపు 5 రెట్లు, రెండు డిగ్రీలకి దాదాపు 14 రెట్లు తరచుగా వస్తుంది. ఇవి ప్రపంచం మొత్తం మీది సగటులు. మహేంద్రగిరి వాలు మీద ఎంతన్నది ఆ నివేదికలో ఉండదు, మన కొండల మీద వాన కొలిచి మనమే తేల్చుకోవాలి.

తుఫానుల విషయంలో ఒక మాట సరిచేయాలి. టీ కొట్టు దగ్గర అందరూ "తుఫానులు ఎక్కువైపోయాయి" అంటారు. శాస్త్రజ్ఞులు అలా అనడం లేదు. మొత్తం సంఖ్య పెరగకపోవచ్చు, తగ్గనూ వచ్చు, కానీ వచ్చినవాటిలో తీవ్రమైనవాటి వాటా పెరుగుతోంది, అవి కురిపించే వానా పెరుగుతోంది అంటున్నారు. భూమి మీద పోగయ్యే అదనపు వేడిలో దాదాపు 90 శాతం సముద్రాలే మింగుతున్నాయి. తుఫానుకి మేత ఆ వేడి నీళ్ళే. తిత్లీ పూర్తిగా భూతాపం వల్లే వచ్చిందని నేననను. అది లేని కాలంలోనూ తుఫానులు వచ్చాయి. 1999 అక్టోబర్‌లో ఒకే నెలలో ఒడిశాకి రెండు వచ్చాయి.

వాటిలో రెండోదైన మహా తుఫానులో దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటితే, మీ ప్రభుత్వ యంత్రాంగం దాదాపు పది లక్షల మందిని ముందే తరలించింది, మరణాలు పదుల్లోనే ఆగాయి. ఈ మార్పుకి ఒడియా, తెలుగు తేడా లేకుండా అందరం దణ్ణం పెట్టాలి. ఆ తెలివితేటలు తీరం దగ్గరే ఆగిపోయాయన్నదే నా బాధ. తీరమంతా షెల్టర్లున్నాయి. కొండ వాలు మీద ఊళ్ళవాళ్ళు కుండపోత రాత్రి ఎక్కడికి పోవాలి? బరఘరలో వాళ్ళు గుహలోకి వెళ్ళింది అందుకేగా.

ఇంకో సంగతి, కాస్త కటువుగా ఉంటుంది. ఈమధ్య ఏది కూలినా "వాతావరణ మార్పు" అనేస్తున్నారు. ఎవరి మీదా కేసు ఉండదు, ఎవరి ఇంక్రిమెంటూ ఆగదు. రోడ్డు కోసం కొండ అడుగు నిలువుగా కోసి, నీళ్ళు పోయే కాలవ తీయకుండా వదిలేస్తే చరియ జారడానికి భూతాపం అక్కర్లేదు, మామూలు వాన చాలు. పెద్ద వాన వస్తే ఊరే పోతుంది. కొండని అలా కోయడం, పెద్ద వాన, ఇవి రెండూ కలిసి చంపుతున్నాయి. మొదటిది ఆపడం పూర్తిగా మన చేతుల్లో ఉంది.

డబ్బు లేదనకండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని నష్టం జరగకముందే చేసే పనులకి విడిగా కేటాయించమంది. సాయం నిధితో పైపు కొలత పెంచకూడదంటే, పెంచే ఖర్చు ఆ 20 శాతంలోంచి కలపండి. రెండు ఫైళ్ళు ఒక బల్ల మీదికి వస్తే అయ్యే పని.

వంశధార విషయంలోనూ అంతే. కలహండి వైపు పుట్టి, రాయగడ, గజపతి జిల్లాల మీదుగా వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్ళ పంపకం గురించి రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి ట్రిబ్యునల్ ముందు కొట్లాడాయి, అది వేరే కథ. వరదకి ఆ కథతో పని లేదు. మా కొండ బ్లాకుల్లో వాన కొలిచే యంత్రాలు ఎక్కువ పెట్టించి, ఆ అంకెలు గంట గంటకీ గొట్టా గేట్ల దగ్గర ఉన్నవాళ్ళ ఫోనుకి చేరేలా చూడండి. మీ ఆఫీసు ఒక సంతకం, అమరావతి ఒక సంతకం. హెచ్చరికలు కూడా ఒడియాతో పాటు తెలుగులో, సవర భాషలో మైకులో చెప్పించండి. కొండ మీది ముసలమ్మకి ఫోన్లో వచ్చిన మెసేజ్ ఏం పనికొస్తుంది?

ఎండ గురించి ఒక్కటే అడుగుతాను. 1998 వడగాడ్పులకి ఒడిశాలో రెండువేల మందికి పైగా పోయాక మీ ప్రభుత్వమే అందరికంటే ముందు మేల్కొంది. మధ్యాహ్నం పనులు ఆపమని ప్రతి వేసవిలో ఆర్డరు వస్తుంది. ఆ ఆర్డరు రోడ్డు పనులకీ వర్తిస్తుంది, కానీ పని గడువు మాత్రం ఒక్కరోజూ పెరగదు. అందుకే నాలాంటి కాంట్రాక్టర్లు కూలీలని ఎండలోనే నిలబెడతారు. ఎండ రోజులకి గడువు పెంచే షరతు టెండరులోనే రాయించండి.

తిత్లీ తర్వాత మా జిల్లాలో తిరిగి కట్టిన కల్వర్టుల్లో ఎన్ని పాత కొలతతోనే ఉన్నాయో, మీరడిగితే గ్రామీణాభివృద్ధి శాఖ లిస్టు ఇస్తుంది. జూన్ లోపు దాన్ని తెప్పించి ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి. అన్నీ మార్చడానికి ఏళ్ళు పడుతుందని తెలుసు. ఈలోగా పెద్ద వాన రాత్రి ఏ దారిన అంబులెన్సుని పంపకూడదో ఊళ్ళో వాళ్ళకైనా తెలుస్తుంది.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక కాంట్రాక్టరు