తప్పు బూడిద సిమెంటుది కాదు

సంపాదకుడికి,

మిర్యాలగూడలో మా వీధి మోరీ కట్టి మూడేళ్లు కాలేదు. అప్పుడే గోడలు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. వీధిలో అందరిదీ ఒకటే మాట: "బూడిద కలిపిన సిమెంటు పోసిండ్రు, ఇంకెట్ల ఉంటది?" మా ఊళ్లో బూడిద అంటే రైస్ మిల్లు పొట్టు బూడిదే గుర్తొస్తుంది మరి. ముప్పై ఏళ్లు సైటు సూపర్‌వైజర్‌గా పనిచేసినవాణ్ని, వింటూ ఊరుకోలేక రాస్తున్నాను.

సిమెంటులో కలిపేది థర్మల్ కేంద్రాల్లో వచ్చే సన్నని ఫ్లై యాష్. పీపీసీ, అంటే ఈ బూడిద సిమెంటు బస్తాలో అది 15 నుంచి 35 శాతం దాకా ఉండొచ్చని జాతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణమే చెబుతుంది. కల్తీ కాదు. సిమెంటుకు మూలమైన, సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ ఒక టన్ను తయారైతే 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది, అందుకే క్లింకర్ తగ్గించి బూడిద పెంచుతున్నారు. పైగా మురుగుకు తట్టుకోవడంలో ఇదే మెరుగు. మామూలు సిమెంటు గట్టిపడ్డాక లోపల సున్నం మిగులుతుంది. నీళ్లలోని సల్ఫేట్లు ఆ సున్నాన్ని పట్టుకుని, సిమెంటులోని అల్యూమినా పదార్థాలతో కలిసి ఉబ్బుతాయి. కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. ఫ్లై యాష్ ఆ మిగులు సున్నంతో కలిసి మళ్లీ జిగురవుతుంది, సన్న రంధ్రాలు పూడుతాయి, ఉప్పునీళ్లు అంత తొందరగా లోపలికి దిగవు.

కానీ ఈ పని నెమ్మదిగా జరుగుతుంది, అదీ తడి ఉంటేనే. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద సిమెంటుకు 10 రోజులు, మన ఎండలకైతే 14 రోజులు తడపాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మా మోరీ మీద రెండు రోజులు పైపుతో చిలకరించారు. మూడో రోజు గోనె సంచులు కూడా లేవు. కాంక్రీటు కలిపే మిల్లర్‌లో నీళ్లకు కొలతే లేదు, జారుగా ఉంటే పారకు తేలిక కదా! ఆ పద్ధతిలో ఓపీసీ, అంటే మామూలు సిమెంటు పోసినా ఇదే గతి.

బూడిద సిమెంటును ఏదీ ఏమీ చేయలేదని నేననను. మూసిన మోరీలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గ్యాస్ పైకి లేచి, తడి మూత అడుగున బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. దానికి ఏ సిమెంటైనా కరగాల్సిందే. అక్కడ కావలసింది గాలి ఆడే దారి, మురుగు నిలవని వాలు, చువ్వల మీద సరిపడా కవర్, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం.

దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, ఇక మనకు ఫ్లై యాష్‌కు కొదవ ఉండదు. కాబట్టి సిమెంటు మార్చమని కాదు, బిల్లు పాస్ చేసేముందు 14 రోజుల క్యూరింగ్ (తడిపిన) ఫొటోలు తేదీలతో అడగమని అధికారులను కోరుతున్నాను. కలిపే బోరు నీళ్లను కూడా పరీక్ష చేయించాలి. ఆర్‌సీసీకి, అంటే చువ్వలు వేసిన కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

మా మోరీకి మళ్లీ టెండర్ పిలుస్తారంటున్నారు. ఎండాకాలంలో మొదలుపెట్టేట్టయితే, ఆ 14 రోజులూ నీళ్ల ట్యాంకర్ ఎవరు పంపాలో టెండర్‌లోనే రాయండి.

ఒక రిటైర్డ్ సైటు సూపర్‌వైజర్,
మిర్యాలగూడ