ఆ జవాను పేరు ఏ జిల్లా లిస్టులో వెతకాలి?

సంపాదకులకు నమస్కారం.

మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. 1971 యుద్ధంలో మా ఊరి కుర్రాడొకరు చనిపోయాడు. ఊళ్ళో బస్ షెల్టర్ మీద, మంచినీళ్ళ ప్లాంటు మీద, గుడి ప్రహరీ మీద, ఆఖరికి సిమెంటు బల్లల మీద కూడా దాతల పేర్లున్నాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు రాయడం మంచిదే. కానీ ఈయన పేరుకు మాత్రం జానెడు చోటు దొరకలేదు.

ఇప్పటి పిల్లలకు తెలియని సంగతి ఒకటుంది. అప్పట్లో యుద్ధంలో పోయినవాళ్ళకు మామూలుగా సరిహద్దు దగ్గరే దహనం చేసేవాళ్ళు. జెండా కప్పిన పెట్టె ఊరికి రావడం, ఊరంతా వెంట నడవడం మనం కార్గిల్ నాటినుంచి చూస్తున్నది. మా ఊరికి వచ్చింది టెలిగ్రాం. కొన్నాళ్ళకు ఆయన ట్రంకు పెట్టె వచ్చింది. నల్లటి ఇనప పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో ఇంగ్లీషులో పేరు, నంబరు. ఇప్పుడది వాళ్ళ తమ్ముడి ఇంట్లో ఉంది. శనగ విత్తనాలు పోసుకుంటున్నారు. గట్టి పెట్టె, వాడుకోవడంలో తప్పేం లేదు. తీసీ వేసీ నంబరులో చివరి రెండంకెలు అరిగిపోయాయి. ఆ కన్నతల్లికి కొడుకు సమాధి మీద ఓ పువ్వు పెట్టుకునే యోగం కూడా లేకపోయింది. పోయేదాకా ఆ పెట్టెనే తుడుచుకుంటూ ఉండేది.

కుటుంబం ఒప్పుకోకుండా పత్రికకెక్కించకూడదని ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు.

2023 ఆగస్టులో ‘నా భూమి - నా దేశం’ కింద పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టారు. ఊరి వీరుల పేర్లు చెక్కించాలన్నదే అందులో ఉద్దేశం. మా ఊళ్ళో రాయి నిలబెట్టారు, పేర్ల చోటు ఖాళీగా వదిలేశారు. అడిగితే ‘లిస్టులో మన ఊరు రాలేదు’ అన్నారు.

ఎందుకు రాలేదో నాకు తోచింది చెబుతాను. ఆయన మిలట్రీలో చేరింది 1970కి ముందు. అప్పుడు మాది నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా. 1970 ఫిబ్రవరిలో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలను నెల్లూరు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. అంటే ఆయన చనిపోయేనాటికి ప్రకాశం జిల్లా అన్న పేరే లేదు. మండలాలు 1985లో వచ్చాయి. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు, ఆ తర్వాతా మార్పులు ఆగలేదు. మిలట్రీ కాగితాల్లో మాత్రం చేరిన రోజు రాయించిన అడ్రసే ఉంటుంది. ఇప్పటి జిల్లా, ఇప్పటి మండలం పట్టుకుని వెతికితే ఆయన ఎలా దొరుకుతాడు? ఇంటిపేరు పొడి అక్షరంగా మారిపోయి, ఊరిపేరు ఇంగ్లీషు స్పెల్లింగులో తారుమారైతే ఇక చెప్పక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరు వాళ్ళ కథా ఇంతే, వాళ్ళ పాత కాగితాల్లో కర్నూలు జిల్లా అని ఉంటుంది.

కాబట్టి నెల్లూరు, ఒంగోలు సైనిక సంక్షేమ కార్యాలయాలు పాత తాలూకాల ప్రకారం ఒకసారి కలిసి కూర్చుని లిస్టులు సరిచూడాలి. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేలకు పైగా పేర్లు గ్రానైట్ మీద చెక్కి ఉన్నాయి. వాటితోనూ పోల్చి చూడొచ్చు. అనుమానం ఉంటే ఆ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు సర్వీసు నంబరు పంపితే తేలిపోతుంది. మా జవాను నంబరు వాళ్ళమ్మ పెన్షన్ కాగితాల్లో పూర్తిగా ఉంది. ఇదేమంత ఖర్చుతో కూడిన పని కాదు, పట్టించుకునేవాళ్ళు కావాలి అంతే.

తొందర ఎందుకంటే, ఆయనతో కలిసి చదువుకున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి. పేరు సరిగ్గా ఎలా రాయాలో, ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళో చెప్పగలిగింది వాళ్ళే.

మా పంచాయతీకి నా విన్నపం. వచ్చే గ్రామసభలో తీర్మానం చేసి, కుటుంబం సమ్మతితో ఆ ఖాళీలో పేరు చెక్కించండి. తెలుగులోనే చెక్కించండి, బడి పిల్లలు చదువుకోవాలి. ఈ పాత తాలూకాల్లో ఎవరి ఊళ్ళోనైనా 1962, 1965, 1971 యుద్ధాల్లో పోయినవాళ్ళుంటే వాళ్ళ పెన్షన్ పుస్తకాలు, ఉత్తరాలు, ఫోటోలు పారేయకుండా జెరాక్స్ తీయించి సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు కూడా తీసుకోండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు ప్రాంతం